మా ఊరి మెడికల్ కాలేజీ లైబ్రరీలో మాకూ ఒక కుర్చీ వేయండి

సంపాదకులకు నమస్కారం.

నేను నర్సంపేటలో చిన్న నర్సింగ్ హోం నడుపుతున్న డాక్టర్ని. కాకతీయ మెడికల్ కాలేజీలో చదువుకున్నాను, వరంగల్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి ఎంజీఎం వార్డుల్లో పని నేర్చుకున్నాను. నాది జనరల్ మెడిసిన్. షుగరు, బీపీ, జ్వరాలు, పక్షవాతం, పాముకాట్లు, పురుగుమందు కేసులు, మా దవాఖానకు ఎక్కువగా వచ్చేవి ఇవే. ప్రైవేటుగా వైద్యం చేసేవాళ్లకు చదువుకోవడానికి సరైన రిఫరెన్స్ పుస్తకం, సరైన పరిశోధన వ్యాసం అందకపోవడం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇది డాక్టర్ల సొంత గొడవలా కనిపిస్తుంది. కానీ దీని నష్టం చివరికి పడేది మంచం మీద పడుకున్న మనిషి మీదే.

2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి ఆమోదం తెలిపింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పరిశోధన పత్రికలు. ఇంతకుముందు ఏ సంస్థకు ఆ సంస్థో, లేదంటే కొన్ని సంస్థలు ఒక గుంపుగానో బేరమాడుకుని చందా కట్టేవి. ఇప్పుడు దేశం తరఫున ఒకే చందా. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దీన్ని నడుపుతోంది. 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థల్లోని సుమారు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులకు ఇది అందుతుందన్నారు. ఆ వార్త చదివినప్పుడు నాకు నిజంగా సంతోషమైంది. ఢిల్లీలో చదివే అమ్మాయికి దొరికే పత్రికే ఆసిఫాబాద్‌లో చదివే అమ్మాయికీ దొరుకుతుందంటే అంతకన్నా ఏం కావాలి?

అయితే ఆ లెక్కలో మేం లేం. ప్రైవేటు డాక్టర్లే కాదు, మా దగ్గర పనిచేసే నర్సులు, ఫిజియోథెరపిస్టులు, మెడికల్ షాపులో కూర్చునే ఫార్మసిస్టులు, ఎవరూ లేరు. 2020 డిసెంబరులో కేంద్రం విడుదల చేసిన సైన్స్ అండ్ టెక్నాలజీ విధానం ముసాయిదాలో ఈ ఆలోచన కనిపించినప్పుడు, దేశంలో ప్రతి ఒక్కరికీ పరిశోధన అందాలనే రాశారు. అమల్లోకి వచ్చేసరికి అది ప్రభుత్వ సంస్థల గేటు దగ్గరే ఆగిపోయింది. తర్వాతి దశల్లో ప్రైవేటు సంస్థలకూ, ఆపైన పబ్లిక్ లైబ్రరీల ద్వారా జనానికీ ఇస్తామన్న మాట కూడా వచ్చింది. ఆ మాటను నిలబెట్టుకోమనే నేను అడుగుతున్నాను.

మన దగ్గర జనం ఎవరి దగ్గర చూపించుకుంటున్నారో ఒకసారి చూడండి. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం, ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం లేని జబ్బులకు ప్రభుత్వ దవాఖానకు వెళ్లినవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 30 మందే. మిగతావాళ్లలో అత్యధికులు ప్రైవేటుకు వెళ్లారు. ఇది మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ప్రభుత్వ దవాఖానలు ఇంకా బలపడాలని నేనూ కోరుకుంటాను. కానీ ఈరోజు నెక్కొండలోనో గూడూరులోనో జ్వరం వచ్చిన మనిషి సాయంత్రానికి ఏ డాక్టరు ముందు కూర్చుంటాడో ఆ డాక్టరుకు తాజా సమాచారం ఉందా లేదా అన్నది ప్రజారోగ్యం సంగతే.

నా పనిలో నుంచే ఒక విషయం చెప్తాను. మాది పత్తి, మిర్చి పండే నేల. మందు కొట్టే సీజన్‌లో ఆర్గానోఫాస్ఫేట్ రకం విషం ఎక్కినవాళ్లు వస్తూనే ఉంటారు. ఒళ్లంతా చెమట, నోట్లో నురగ, కనుపాప గుండుసూది మొనంత చిన్నదవుతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అట్రోపిన్ ఇవ్వాలి, ఊపిరి నిలబెట్టాలి, అందులో ఎవరికీ అనుమానం లేదు. అనుమానమంతా రెండో ఇంజెక్షన్ దగ్గర. దాని పేరు ప్రాలిడాక్సిమ్, మేం ‘పామ్’ అంటాం. నరాలు సరిగ్గా పనిచేయడానికి ఒంట్లో ఉండే ఒక ఎంజైమును విషం పట్టుకుంటుంది, దాన్ని మళ్లీ విడిపించడం ఈ మందు పని.

2006లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. మహారాష్ట్రలోని బారామతిలో, అంటే మనలాంటి పంటపొలాల మధ్య ఉన్న పట్టణంలో, 200 మంది మీద చేసినది. అందరికీ ముందు రెండు గ్రాముల మందు ఇచ్చారు. ఆ తర్వాత సగం మందికి గంటకు ఒక గ్రాము చొప్పున 48 గంటలు ఆపకుండా ఎక్కించారు. మిగతా సగానికి నాలుగు గంటలకోసారి ఒక గ్రాము ఇచ్చారు. ఆపకుండా ఎక్కించినవాళ్లలో చనిపోయింది నూటికి ఒక్కరు, రెండో గుంపులో నూటికి ఎనిమిది మంది. ఇది చదివితే ఏ డాక్టరైనా ఏమనుకుంటాడు? మందు ఎక్కువ మోతాదులో ఇవ్వాలనే కదా.

మూడేళ్ల తర్వాత, 2009లో, శ్రీలంకలో 235 మంది మీద చేసిన అధ్యయనం ప్లాస్ మెడిసిన్ అనే పత్రికలో వచ్చింది. అక్కడ పామ్ ఇచ్చినవాళ్లను అసలు ఇవ్వనివాళ్లతో పోల్చారు. ఇచ్చినవాళ్లలో నూటికి దాదాపు 25 మంది పోయారు, ఇవ్వనివాళ్లలో దాదాపు 16 మంది. ఆ తేడా గణాంకాల లెక్కలో గట్టిగా నిలబడలేదు. కానీ మందు వల్ల మేలు జరిగిందనడానికి కూడా ఆధారం దొరకలేదు.

రాత్రి రెండింటికి ట్రాక్టరు మీద మనిషిని తెచ్చి వరండాలో దింపినప్పుడు, ఈ రెండింటిలో దేన్ని నమ్మాలి? సారాంశం చదివితే తేలదు. రెండు చోట్లా వచ్చిన రోగుల విషం ఏ రకం, ఎంత తీవ్రంగా ఉన్నారు, విషం ఎక్కిన ఎన్ని గంటలకు దవాఖానకు చేరారు, వెంటిలేటర్లు ఎన్ని ఉన్నాయి అన్నవి పూర్తి వ్యాసంలో వెతకాలి. ఎందుకంటే ఆర్గానోఫాస్ఫేట్లన్నీ ఒకటి కావు. డైమిథైల్ రకం ఎంజైమును కొన్ని గంటల్లోనే శాశ్వతంగా బిగించేస్తుంది, ఆ తర్వాత పామ్ ఇచ్చినా విడవదు. డైఇథైల్ రకంలో ఒక రోజు దాటినా కొంత అవకాశం ఉంటుంది. అంటే రోగి మా దగ్గరికి ఎన్ని గంటలకు చేరాడు, డబ్బా మీద ఏ పేరుంది అన్నదాన్ని బట్టి వైద్యం మారాలి. అందుకే నేను ప్రతి ఊళ్లోనూ చెప్తుంటాను, మనిషితో పాటు డబ్బా కూడా తీసుకురండి అని.

శ్రీలంక అధ్యయనం వచ్చిన పత్రిక అందరికీ తెరిచి ఉన్నది. నేను నా ఫోన్లోనే మొదటి అక్షరం నుంచి చివరి పట్టిక దాకా చదివాను. బారామతి అధ్యయనం మాత్రం నాకు మొదట సారాంశమే దొరికింది. మన దేశంలో, మన రైతుల మీద, మన మట్టిలో చల్లే మందుల గురించి చేసిన పని అది. దాన్ని మన దేశంలో రైతులకు వైద్యం చేసే డాక్టరు పూర్తిగా చదవాలంటే ఎవరినో బతిమాలుకోవాలి. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఇలాంటి పత్రికల్లో ఒక్క వ్యాసం కొనాలంటే మామూలుగా 30 నుంచి 40 డాలర్లు అడుగుతారు. అంటే మూడు వేల రూపాయలకు అటూ ఇటూ. ఒక జబ్బు గురించి తేల్చుకోవాలంటే ఒక వ్యాసంతో అయ్యే పని కాదు, నాలుగైదు చూడాలి. కొన్నాక అది మనకు అక్కర్లేని వ్యాసమని తెలిసే రోజులూ ఉంటాయి. పెద్ద ఆసుపత్రుల్లో డాక్టర్లు వాడే క్లినికల్ రిఫరెన్స్ సాఫ్ట్‌వేర్‌కు ఒక్క మనిషి చందానే ఏటా వందల డాలర్లు. హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రి ఆ డబ్బు కట్టుకోగలదు. వంద, రెండు వందల ఫీజుతో నడిచే మండల కేంద్రంలోని ఎంబీబీఎస్ డాక్టరు కట్టడు, కట్టలేడు.

మరి మాకు సమాచారం ఎక్కడి నుంచి వస్తోంది? ఎక్కువగా మందుల కంపెనీల తరఫున వచ్చే మెడికల్ రెప్‌ల బ్యాగుల్లోంచి. వాళ్లను తప్పుపట్టడం లేదు. ఎండలో బైకు మీద తిరిగి, ఓపీ అయ్యేదాకా బయట నిలబడి, రెండు నిమిషాల్లో చెప్పాల్సింది చెప్పి వెళ్లాలి వాళ్లు. ఉద్యోగం అది. కానీ వాళ్లు తెచ్చే నున్నటి కాగితం మీద రంగుల గ్రాఫు పక్కన ‘50 శాతం తగ్గింపు’ అని ఉంటుంది. ఆ అధ్యయనంలో మామూలుగా నూటికి ఇద్దరికి వచ్చే గుండెపోటు, మందు వాడితే నూటికి ఒక్కరికి వచ్చింది కావచ్చు. అదీ 50 శాతమే. నూరు మంది ఏళ్ల తరబడి మందు వాడితే ఒక్కరికి ఉపయోగం. ఆ నూరు మందిలో ఎంతమందికి కాళ్లు వాచాయో, ఎంతమంది మధ్యలో మానేశారో పూర్తి వ్యాసంలో ఉంటుంది, కాగితం మీద ఉండదు. మా దగ్గరికొచ్చే కూలీ మనిషికి నెలకు ఆరువందల రూపాయల మందు రాయాలా వద్దా అన్నది ఆ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

కేంద్రం 2024 మార్చిలో మందుల కంపెనీల మార్కెటింగ్‌కు కొత్త నియమావళి తెచ్చింది. డాక్టర్లకు బహుమతులు, విహార యాత్రలు ఇవ్వకూడదని చెప్పింది. చాలా అవసరమైన పని. అయితే డాక్టర్ల మీద కంపెనీల ప్రభావం తగ్గాలనుకున్నప్పుడు, కంపెనీతో సంబంధం లేని సమాచారాన్ని ఎక్కడో ఒకచోట అందుబాటులో ఉంచాలి కదా. ఆ రెండో సగం ఎవరూ చేయలేదు.

ఇక వాట్సాప్. మా బ్యాచ్ గ్రూపుల్లో, డాక్టర్ల సంఘం ఐఎంఏ గ్రూపుల్లో రోజూ కనిపించే మెసేజ్ ఒకటుంది. ‘ఈ ఆర్టికల్ ఫుల్ టెక్స్ట్ ఎవరి దగ్గరైనా ఉందా, అర్జెంట్.’ ఏదో కాలేజీలో పీజీ చేస్తున్న జూనియర్ తన లాగిన్‌తో దించి పంపుతాడు. ఒక్కోసారి పది నిమిషాల్లో వస్తుంది, ఒక్కోసారి మర్నాడు వస్తుంది. వచ్చేసరికి రోగిని ఎంజీఎంకు పంపించడమో, ఇంకేదో అయిపోయి ఉంటుంది. ఆ జూనియర్ కూడా నిబంధన ప్రకారం అలా పంపకూడదు. చదువుకోవాలన్న కోరిక ఉన్న డాక్టరును ఇలా దొంగచాటు దారిలో నడిపించడం ఏ వ్యవస్థకూ గౌరవం కాదు.

గ్రంథాలయానికే నేరుగా వెళ్లి అడగొచ్చు కదా అంటారేమో. ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో అడిగాను. అక్కడి లైబ్రేరియన్ ఎంతో మర్యాదగా మాట్లాడారు. కళాశాల ఐడీ కార్డు లేనివాళ్లను కంప్యూటర్ల దగ్గర కూర్చోబెట్టే అధికారం తనకు లేదన్నారు. పై నుంచి కాగితం వస్తే సంతోషంగా కూర్చోబెడతానన్నారు కూడా. ఆయన చెప్పింది నిజమే. అడ్డం ఉన్నది మనిషి కాదు, లేనిది ఒక ఉత్తర్వు.

ఉచితంగా ఏమీ దొరకదని నేను అనడం లేదు. కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2019లో విడుదల చేసిన స్టాండర్డ్ ట్రీట్‌మెంట్ వర్క్‌ఫ్లోలు, అంటే వైద్య మార్గదర్శకాలు, ఒక్కో జబ్బుకు ఒక్కో పేజీలో ఉంటాయి, ఫోన్లోనూ చూసుకోవచ్చు. మా డ్యూటీ డాక్టరు గదిలో కొన్ని ప్రింటు తీసి గోడకు అంటించాం. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది, అదీ అందరూ చదవొచ్చు. 1913 నుంచి వస్తున్న ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌ను ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. వైద్య వ్యాసాలు వెతికే వెబ్‌సైటు పబ్‌మెడ్‌లో సారాంశాలు దొరుకుతాయి. పబ్‌మెడ్ సెంట్రల్‌లో 2000 సంవత్సరం నుంచి లక్షల కొద్దీ పూర్తి వ్యాసాలు చేర్చుతూ వచ్చారు. మందుల వివరాలకు మన దేశపు నేషనల్ ఫార్ములరీ ఉంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ వేస్తుంది. మందు వికటించిందని అనుమానం వస్తే చెప్పడానికి 1800-180-3024 అని టోల్‌ఫ్రీ నంబరు ఉంది. తోటి డాక్టర్లలో, ఫార్మసిస్టుల్లో చాలామందికి ఈ నంబరు ఉన్నట్టే తెలియదు, అందుకే ఇక్కడ రాశాను.

ఇవన్నీ వాడుకుంటూనే చెప్తున్నాను, ఇవి చాలవు. పేజీలో ఇమిడే మార్గదర్శకం ఒక్క జబ్బే ఉన్న మనిషి కోసం రాసింది. మా దగ్గరికొచ్చే మనిషికి ఒక్క జబ్బు ఉండదు. కొంగులో మూటకట్టుకుని, లేదంటే ప్లాస్టిక్ సంచిలో నింపుకుని మందులు తెస్తారు. టేబుల్ మీద కుమ్మరించి, ‘గీ గోలీలన్నీ ఏసుకోవాల్నా డాక్టరమ్మా’ అని అడుగుతారు. టీబీ కోర్సు నడుస్తుంటుంది, గుండె కవాటం మార్చుకున్నందుకు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకుంటుంటారు, షుగరుకు ఇంకో మందు. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ వార్ఫరిన్ ప్రభావాన్ని తగ్గించేస్తుంది, కొన్ని షుగరు మందుల ప్రభావాన్నీ తగ్గిస్తుంది. వార్ఫరిన్ మోతాదు పెంచాలి, టీబీ కోర్సు అయిపోయాక మళ్లీ తగ్గించాలి, తగ్గించకపోతే రక్తస్రావం. ఎంత పెంచాలి, ఎన్ని రోజులకోసారి రక్తపరీక్ష చేయాలి, కిడ్నీ కూడా దెబ్బతిని ఉంటే ఏం చేయాలి? ఇలాంటి ప్రశ్నకు జవాబు మంచి రిఫరెన్స్‌లో రెండు నిమిషాల్లో దొరుకుతుంది. లేకపోతే గంట సేపు ఇంటర్నెట్‌లో వెతికి, దొరికినదాంట్లో ఏది నమ్మదగిందో తేల్చుకోవాలి. ఓపీలో బయట నలభై మంది కూర్చుని ఉండగా ఆ గంట ఎక్కడి నుంచి తేవాలి?

ఈ గోలీల సంచి సంగతి డాక్టరు కన్నా ముందు తెలిసేది మెడికల్ షాపులో ఫార్మసిస్టుకే. మూడు చీటీలు, మూడు ఊళ్ల డాక్టర్లు, అన్నీ అతని కౌంటరు మీదికే వస్తాయి. అతని చేతిలో మందుల పరస్పర ప్రభావాన్ని చూపే మంచి సాధనం ఉంటే, ‘అవ్వా, ఈ రెండూ కలిపి వేసుకునే ముందు మేడమ్‌కు ఒకసారి చూపించు’ అని ఒక్క మాట అంటాడు. అతని దగ్గర ఇప్పుడున్నది బ్రాండ్ల పేర్లు, రేట్లు ఉన్న పుస్తకం మాత్రమే. స్ట్రోక్ వచ్చిన మనిషిని నడిపించే ఫిజియోథెరపిస్టు పరిస్థితీ ఇదే. అందుకే డాక్టర్లకు మాత్రమే కాకుండా రిజిస్ట్రేషన్ ఉన్న వైద్య సిబ్బంది అందరికీ అని అడుగుతున్నాను.

చట్టం మమ్మల్ని విడిగా చూడదు. 1995లో వీపీ శాంత కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో ఫీజు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వచ్చింది. 2002 నాటి వైద్య నీతి నియమావళి ప్రతి డాక్టరూ ఐదేళ్లలో కనీసం 30 గంటలు సీఎంఈకి, అంటే డాక్టర్ల నిరంతర శిక్షణ తరగతులకు, హాజరు కావాలంటుంది. రెండూ సరైనవే. రోగికి ఆ రక్షణ ఉండాలి. కాని రేపు ఏదైనా కేసులో ఆ రోజు నాటికి అందరికీ తెలిసిన వైద్యం మీరెందుకు చేయలేదని నన్ను నిలదీసినప్పుడు, ఆ తెలిసిన వైద్యం తాళం వేసిన గదిలో ఉందని నేను చెప్పుకోలేను. 30 గంటల సీఎంఈ కూడా ఎక్కువగా ఆదివారం హోటల్ హాల్లో, కంపెనీ స్టాల్స్ మధ్య జరుగుతుంది. వక్తలు మంచివాళ్లే ఉంటారు. కానీ మనకు మంగళవారం రాత్రి వచ్చిన ప్రశ్నకు ఆదివారం ఉపన్యాసం జవాబు చెప్పదు.

ప్రైవేటు డాక్టర్లు బాగానే సంపాదిస్తారు, వాళ్ల చదువుకు ప్రజాధనం ఎందుకు అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఈ పథకానికి 6,000 కోట్లు ఇప్పటికే ఖర్చు చేస్తున్నారు. ఆ చందాతో వచ్చిన వ్యాసాన్ని ఒక పీజీ విద్యార్థి చదివినా, అతని పక్క కుర్చీలో కూర్చుని నేను చదివినా కంప్యూటరుకూ కరెంటుకూ అయ్యే ఖర్చు ఒక్కటే. అయినా మేం ఉచితంగా అడగడం లేదు. ఏటా సభ్యత్వ రుసుము పెట్టండి, కడతాం. నేనైతే మా నర్సుల తరఫున కూడా కడతాను. ఇక చదవాలన్న ఆసక్తే లేని డాక్టర్లు ఉన్నారన్నది నిజం. ఊళ్లో చదవనివాళ్లు ఉన్నారని పంచాయతీలో వాచనాలయం మూసేయం కదా.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 2007లో ఐసీఎంఆర్ డబ్బు కట్టి కాక్రేన్ లైబ్రరీని దేశంలో ఇంటర్నెట్ ఉన్న ప్రతి ఒక్కరికీ తెరిచింది. ఏ మందు పనిచేస్తుంది, ఏది పనిచేయదు అని ఉన్న పరిశోధనలన్నీ జల్లెడ పట్టి చెప్పే సమీక్షలు అందులో ఉంటాయి. సర్కారు డాక్టరా, ప్రైవేటు డాక్టరా, రోగి కొడుకా అని ఎవరూ అడగలేదు. నార్వే 2006లోనే తన దేశంలోని వైద్య సిబ్బంది అందరికీ ఉమ్మడి ఆన్‌లైన్ ఆరోగ్య గ్రంథాలయం పెట్టుకుంది. మనకు వాళ్లంత డబ్బు లేకపోవచ్చు, మనం కట్టేసిన చందానైనా పూర్తిగా వాడుకోవచ్చు.

పైగా ఇప్పుడు భవనాలు కూడా మా గుమ్మం దగ్గరికే వచ్చాయి. నేను చదువుకునే రోజుల్లో ఉత్తర తెలంగాణకంతటికీ ప్రభుత్వ వైద్య కళాశాల అంటే 1959లో మొదలైన కాకతీయ ఒక్కటే. ఆదిలాబాద్, నిజామాబాద్ తర్వాత వచ్చాయి. 2022 నుంచి వరసగా మహబూబాబాద్, మంచిర్యాల, జగిత్యాల, రామగుండం, భూపాలపల్లి, జనగామ, కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్, కామారెడ్డి, ములుగు, చివరికి మా నర్సంపేట. ప్రతి కాలేజీకీ నిబంధనల ప్రకారం లైబ్రరీ ఉండాలి. వీటన్నిటికీ పైన కాళోజీ నారాయణరావు హెల్త్ యూనివర్సిటీ వరంగల్‌లోనే ఉంది. ప్రజల కవి పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం ఇది. ఆ వీసీ గారు ఒక ఉత్తర్వు ఇవ్వడం మొదలుపెడితే మిగతా కాలేజీలకు దారి దొరుకుతుంది.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. తెలంగాణ మెడికల్ కౌన్సిల్, నర్సింగ్ కౌన్సిల్, ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు చూపించిన ఎవరికైనా దగ్గరలోని ప్రభుత్వ వైద్య కళాశాల లైబ్రరీలో సభ్యత్వం ఇవ్వండి. లోపలికి వచ్చి అక్కడి కంప్యూటర్ మీద చదువుకునే వాళ్లను ‘వాకిన్ యూజర్లు’ అంటారు. ప్రపంచంలో చాలా యూనివర్సిటీలు ప్రచురణ సంస్థలతో చేసుకునే ఒప్పందాల్లో వాళ్లకు చోటు ఉంటుంది. మన ఒప్పందం అందుకు ఒప్పుకునే మేరకు వెంటనే మొదలుపెట్టండి. సాయంత్రం ఐదుకే మూసేయకుండా రాత్రి తొమ్మిదిన్నర, పది దాకా తెరిచి ఉంచండి, ఎందుకంటే మా ఓపీ అయ్యేది అప్పుడే. విద్యార్థులకూ అది మేలే. ఉన్న లైబ్రేరియన్‌నే పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చోబెట్టకుండా ఇంకొకరిని నియమించండి. ప్రశ్న చెబితే సరైన వ్యాసం వెతికి పెట్టగలిగే వైద్య గ్రంథాలయ నిపుణుల విలువ మన దగ్గర ఇంకా ఎవరూ గుర్తించలేదు, నా ఉద్దేశంలో జిల్లాకు ఒక్కరున్నా వందమంది డాక్టర్ల సమయం మిగులుతుంది.

మెడికల్ కాలేజీ దూరమైన ఊళ్లకు జిల్లా గ్రంథాలయాలు ఉన్నాయి. వాటికోసం ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు మేమందరం కడుతూనే ఉన్నాం. హనుమకొండలో 1904లోనే రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం పెట్టుకున్న ప్రాంతం మనది. నిజాం కాలంలో పుస్తకం కోసం అంత పట్టుపట్టినవాళ్ల నేల మీద, ఒక డాక్టరు చదువుకుంటానంటే చోటు లేదనడం ఏం బాగుంటుంది?

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే ఈ చందా లెక్క 2027తో ముగుస్తుంది. ఆ తర్వాతి ఏళ్లకు ప్రచురణ సంస్థలతో మళ్లీ బేరం జరగాలి. ఎవరెవరికి అందాలో ఆ కాగితంలో రాయించుకోవాల్సిన సమయం అది, సంతకాలయ్యాక అడిగితే ఇంకో మూడేళ్లు ఆగమంటారు. మన రాష్ట్ర ఆరోగ్యశాఖ, కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కలిసి కేంద్ర విద్యాశాఖకు ముందుగానే లేఖ రాయాలి. రిజిస్ట్రేషన్ ఉన్న ప్రైవేటు వైద్య సిబ్బందిని లబ్ధిదారుల జాబితాలో చేర్చమని, కనీసం ప్రభుత్వ కాలేజీ లైబ్రరీలో కూర్చుని చదువుకునే హక్కు రాతపూర్వకంగా ఇవ్వమని ఆ లేఖలో అడగాలి. ఉమ్మడి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల ఐఎంఏ శాఖలు, ఫార్మసిస్టుల సంఘాలు, నర్సుల సంఘాలు దీనికి తోడుగా తీర్మానాలు చేసి పంపాలని కోరుతున్నాను. మా నర్సంపేట డాక్టర్ల తరఫున మొదటి తీర్మానం రాసే బాధ్యత నేను తీసుకుంటాను.

ఇట్లు,
ఒక ప్రైవేటు వైద్యురాలు,
నర్సంపేట, వరంగల్ జిల్లా